కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు: పత్రికే రాజకీయమైన జీవితం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. నాగేశ్వరరావు పంతులు గారిని అమృతాంజనం స్థాపకుడిగా, ఆంధ్రపత్రిక సంపాదకుడిగా, గొప్ప దాతగా అందరూ తలచుకుంటారు. అయితే 'దేశోద్ధారక' అన్న బిరుదుకు తగిన రాజకీయం ఆయన ఏం చేశారు? ప్రకాశం పంతులు గారిలా తుపాకులకు ఎదురు నిలిచిన ఘట్టం లేదు, మంత్రి పదవి లేదు, పేరుమోసిన ఉపన్యాసం లేదు. అలాంటి మనిషి 1924కూ 1934కూ మధ్య నాలుగు సార్లు ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడు ఎలా అయ్యారు? చివరికి రాయలసీమ, కోస్తా నాయకుల ఒడంబడిక ఆయన ఇంట్లోనే ఎందుకు జరిగింది? డబ్బున్నవాడు కాబట్టేనా అని కూడా అడిగారు.

తెలుగు దినపత్రికల డెస్కులో చాలా ఏళ్ళు పనిచేశాను. పాత సంచికలు తిరగేయడం ఉద్యోగంలో మొదలై అలవాటుగా మిగిలింది. అందువల్ల పత్రిక నడపడం అంటే ఏమిటో తెలిసినవాడిగా జవాబు చెబుతాను. డబ్బుకు ఇందులో పెద్ద పాత్రే ఉంది, కాదనను. కానీ డబ్బున్న జమీందారులు ఆ రోజుల్లో చాలామందే ఉన్నారు. వారిలో ఎవరి ఇంటికీ అంతమంది నాయకులు తగవు తీర్చుకోవడానికి వెళ్ళలేదు. పంతులు గారి రాజకీయమంతా రెండు పనుల్లో ఉంది. ఒకటి, తెలుగువాళ్ళు ప్రతిరోజూ ఒకే వార్త చదివేటట్టు చేయడం. రెండోది, ఒకరంటే ఒకరికి నమ్మకం లేనివాళ్ళను ఒకచోట కూర్చోబెట్టడం. రెండూ చప్పుడు లేని పనులే. అందుకే ఆయన రాజకీయం చేయలేదనిపిస్తుంది.

మొదటినుంచి చూద్దాం. ఆయన పుట్టింది 1867 మే 1న, కృష్ణా జిల్లా ఎలకుర్రులో. బందరు నోబుల్ కళాశాలలో, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి 1891లో పట్టభద్రుడయ్యారు. క్రిస్టియన్ కాలేజీలో ప్రిన్సిపాల్ విలియం మిల్లర్ ప్రభావం, అంతకుముందే కందుకూరి వీరేశలింగం గారి వివేకవర్ధని పత్రిక ప్రభావం ఆయన మీద ఉన్నాయి. ఆ కాలంలో బి.ఏ. చదివిన కృష్ణా జిల్లా బ్రాహ్మణ యువకుడి ముందు మామూలుగా రెండు దారులుండేవి: సర్కారు కొలువు, లేదా ప్లీడరు గౌను. ఆయన రెండూ వదిలేసి వ్యాపారం నేర్చుకోవడానికి కలకత్తా వెళ్ళారు, అక్కడినుంచి బొంబాయి చేరారు. మందుల వ్యాపారం పట్టుబడ్డాక 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. కొత్త మందును ఎవరు నమ్మి కొంటారు? సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టారు. తలనొప్పి తగ్గినవాళ్ళే మర్నాడు అంగడికి వెళ్ళి అడిగారు. ప్రచారం అంటే ఏమిటో, జనంలోకి ఎలా వెళ్ళాలో ఆయన నేర్చుకున్నది ఈ సీసాల దగ్గరే. ఆ పాఠం తర్వాత పత్రికకు బాగా పనికివచ్చింది.

ఆ బొంబాయి తిలక్ బొంబాయి అని మరచిపోకూడదు. 1907లో సూరత్ కాంగ్రెస్‌కు పంతులు గారు వెళ్ళారు. మితవాదులు, అతివాదులు కుర్చీలు విసురుకొని చీలిపోయిన సభ అది. మరుసటి ఏడాది 1908 తెలుగు పత్రికలకూ దేశమంతటి పత్రికలకూ గడ్డు సంవత్సరం. బెజవాడలో స్వరాజ్య పత్రిక నడుపుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని రాజద్రోహ నేరం కింద పట్టుకుని జైలులో పెట్టారు. జూన్‌లో పత్రికల మీద కొత్త చట్టం వచ్చింది. జూలైలో, బొంబాయి హైకోర్టులోనే, కేసరిలో రాసిన వ్యాసాలకు తిలక్‌కు ఆరేళ్ళ ప్రవాస శిక్ష పడింది. ఆ తీర్పు మీద బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు సమ్మె చేశారు.

సరిగ్గా ఆ సమయంలో, తీర్పు వచ్చి రెండు నెలలైనా కాకముందే, 1908 సెప్టెంబరు 9న అదే బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. సంపాదకులను జైళ్ళకు పంపుతున్న ఊళ్ళో, ఆ ఊరి భాష కాని భాషలో, నడుస్తున్న వ్యాపారాన్ని పణంగా పెట్టి పత్రిక తెరవడం రాజకీయ నిర్ణయం కాకపోతే మరేమిటి? బొంబాయిలో తెలుగువాళ్ళు లేకపోలేదు. కామాఠీపురకు ఆ పేరు తెచ్చిన కూలీలు మనవాళ్ళే, మిల్లుల్లో పద్మశాలీలు చాలామంది ఉండేవారు. అయినా పత్రికకు ప్రధానమైన పాఠకులు తపాలా అందుకునే కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల వాళ్ళే. 1910 నుంచి ఉగాదికి ప్రత్యేక సంచిక తెచ్చారు. చరిత్ర, శాసనాలు, శాస్త్ర విషయాలు, చిత్రాలు, కవిత్వం అన్నీ ఒక్క సంచికలో ఉండేవి. తెలుగులో పండుగ సంచిక అనే సంప్రదాయానికి గట్టి పునాది అదే.

1910 పత్రికా చట్టం గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే పంతులు గారి జాగ్రత్త మీకు పిరికితనంగా కనిపిస్తుంది. ఆ చట్టం ప్రకారం కొత్తగా ముద్రణాలయం పెట్టేవాళ్ళ నుంచి 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు (పూచీ సొమ్ము) అడగవచ్చు. రాసినది ప్రభుత్వానికి నచ్చకపోతే ఆ సొమ్ము జప్తు. మళ్ళీ పత్రిక నడపాలంటే 1,000 నుంచి 10,000 దాకా కట్టాలి. రెండోసారి తప్పు పట్టారంటే సొమ్ముతో పాటు యంత్రాలూ పోతాయి. కోర్టు విచారణ అక్కర్లేదు, అధికారి ఉత్తర్వు చాలు. మద్రాసులోనే అనిబిసెంట్ గారి న్యూ ఇండియాకు 1916లో ఇదే జరిగింది: ముందు 2,000 రూపాయలు పోయాయి, తర్వాత 10,000 కట్టమన్నారు. ఆమెకు దేశవిదేశాల్లో పలుకుబడి ఉంది, కట్టగలిగారు. జిల్లా పట్టణంలో ఒక చిన్న తెలుగు పత్రికకు ఆ మాట వినిపిస్తే మర్నాటినుంచి తలుపులు మూసుకోవడమే. సంపాదకుడు ఒక్క వాక్యం రాసేటప్పుడు అచ్చుయంత్రం, కంపోజిటర్ల జీతాలు, చందాదారుల సొమ్ము అన్నీ ఆ వాక్యం మీద ఆధారపడి ఉండేవి.

1914లో పంతులు గారు పత్రికను మద్రాసుకు మార్చి, ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక చేశారు. రెండు మూడు విషయాలు అప్పుడే కలిసివచ్చాయి. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1914లో బెజవాడ మహాసభ ప్రత్యేక రాష్ట్రం కావాలని తీర్మానించింది. దినపత్రిక వచ్చిన నాలుగు నెలలకు ఐరోపాలో యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్‌డెన్ మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. తర్వాత చాలాకాలం ఆంధ్రపత్రిక చిరునామాగా ఉన్న తంబుచెట్టి వీధి ఆ రేవుకు నడిచివెళ్ళే దూరంలో ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు మూటాముల్లె సర్దుకుని మద్రాసు వదిలిపోయారు. యుద్ధంలో ఏం జరుగుతోందో రేపటికి తెలియాలి, వారం ఆగడం కుదరదు అన్న ఆత్రం తెలుగు పాఠకులకు అప్పుడు పట్టుకుంది. ఊళ్ళలో ఒకరు చదువుతుంటే పదిమంది వినే అలవాటు అప్పటికే ఉంది. దినపత్రిక వచ్చాక ఆ అలవాటుకు ప్రతిరోజూ పని దొరికింది.

తెలుగు దినపత్రిక నడపడం ఎంత కష్టమో ఈనాటి వాళ్ళకు తెలియడానికి అచ్చుగదిలోకి తీసుకువెళ్ళాలి. వార్తలు తంతి ద్వారా ఇంగ్లీషులో వస్తాయి, అవి కూడా ముక్కలు ముక్కలుగా, పొడి మాటల్లో. ఇంగ్లీషు పత్రికవాడు ఆ ముక్కలకు మధ్య నాలుగు మాటలు చేర్చి కంపోజింగుకు పంపేస్తాడు. తెలుగు ఉపసంపాదకుడు దాన్ని ముందు అర్థం చేసుకోవాలి, తర్వాత తెలుగులో రాయాలి, గుంటూరు రైతుకూ బందరు ప్లీడరుకూ ఒకే రకంగా అర్థమయ్యేలా రాయాలి. అది చేత్తో రాసిన కాగితంగా కంపోజిటరు దగ్గరకు వెళుతుంది. ఇంగ్లీషు అక్షరాల పెట్టె ఎదుట నిలబడితే చేయి చాచినంత మేరలో అన్నీ అందుతాయి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి కొన్ని వందల అచ్చు దిమ్మలు. కంపోజిటరు అటూ ఇటూ కదులుతూ ఒక్కొక్కటీ ఏరి పేర్చాలి. ఒక ఒత్తు తక్కువైతే ఆ పేజీ పని ఆగిపోతుంది, లేదా మాటే మార్చాలి. ప్రూఫు తీసి, దిద్ది, మళ్ళీ పేర్చి, పేజీ బిగించి, అచ్చువేసి, మడిచి, చిరునామాలు అంటించి, ఉత్తరాదికి వెళ్ళే మెయిలు బండికి అందించాలి. బండి తప్పితే రాత్రంతా పడ్డ కష్టం వృథా. పాఠకుల్లో ఎక్కువమంది ఉన్నది పత్రిక అచ్చయ్యే ఊళ్ళో కాదు, వందల మైళ్ళ అవతల. ఈ ఇబ్బంది హిందూ పత్రికకు లేదు, స్వదేశమిత్రన్‌కు లేదు. తమిళ పాఠకుడు పత్రిక గుమ్మం ముందే ఉన్నాడు.

ఇంత ఖర్చు ఎవరు భరించాలి? ఇక్కడే అమృతాంజనం వస్తుంది. మీ ప్రశ్నలో 'డబ్బున్నవాడు కాబట్టేనా' అన్నదానికి నా జవాబు కూడా ఇక్కడే ఉంది. వ్యాపారం వల్ల పత్రికకు దొరికింది కేవలం పోషణ కాదు. జమీందారు దగ్గర చేయి చాచనక్కర లేదు, ప్రభుత్వ ప్రకటనల కోసం కలెక్టరు కచేరీ చుట్టూ తిరగనక్కర లేదు, చందాదారులు కోపగిస్తే రేపటి కాగితం కొనగలమా అని భయపడనక్కర లేదు. ధరావతు జప్తు చేస్తామని బెదిరించినా తట్టుకోగల పత్రిక తెలుగులో ఉందన్న ధైర్యం అందువల్ల వచ్చింది.

దీన్ని ప్రకాశం పంతులు గారి స్వరాజ్యతో పోల్చి చూడండి (గాడిచర్ల వారి పత్రిక కాదు, పేరు మాత్రం అదే). 1921 అక్టోబరులో మద్రాసులో మొదలైన స్వరాజ్య గొప్ప పత్రిక. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి పాత్రికేయులు అందులో తయారయ్యారు. ప్రకాశం గారు బారిష్టరుగా గడించిన ఆస్తినంతా అందులో పోశారు, వాటాలు అమ్మారు, ఊరూరా తిరిగి విరాళాలు తెచ్చారు. జీతాలు అందని నెలల్లో కూడా సిబ్బంది పనిచేశారు. అయినా పదిహేనేళ్ళు నిండకుండానే అది మూతబడింది. ఆ పత్రికలో ఉన్న తెగింపు ఆంధ్రపత్రికలో లేదు, ఒప్పుకుంటాను. స్వరాజ్య సంపాదకీయం చదివితే రక్తం వేడెక్కుతుంది. కానీ ఆంధ్రపత్రిక మర్నాడు కూడా వచ్చింది, పంతులు గారు పోయాక అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారి చేతిలో కూడా వచ్చింది, 1991 దాకా వచ్చింది. ఉద్యమానికి రెండు రకాల పత్రికలూ కావాలి. పడిపోని పత్రికను ఇచ్చినవాడిని తక్కువ చేసి చూడటం మనకు అలవాటైపోయింది. అది మారాలని నా కోరిక.

ఇంకో సంగతి. గాడిచర్ల వారు జైలు నుంచి వచ్చాక ప్రభుత్వం కన్ను ఆయన మీదే ఉండేది. అలాంటి మనిషి తర్వాత కొంతకాలం ఆంధ్రపత్రికలో పనిచేశారు. రాజద్రోహ ముద్ర పడినవాణ్ణి తన కార్యాలయంలో కూర్చోబెట్టుకోవడం చిన్న విషయం కాదు. పంతులు గారు దాని గురించి గొప్పలు చెప్పుకోలేదు. చెప్పుకోకపోవడం ఆయన తీరు.

ఇక సాహిత్యం వైపు చేసిన పనిని చాలామంది రాజకీయం నుంచి విడదీసి చూస్తారు. 1924 జనవరిలో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల. భారతిలో మల్లంపల్లి సోమశేఖరశర్మ గారి లాంటి చరిత్రకారులు రాశారు, కవులు రాశారు, గ్రాంథికానికీ వ్యావహారికానికీ రెండింటికీ చోటు దొరికింది. గ్రంథమాలలో పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పీఠికతో వచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో చనిపోయాక ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని ఈయన చేతుల్లోకి తీసుకుని మళ్ళీ అచ్చువేయించారు. వీటిలో డబ్బు రాదు. మరి ఎందుకు చేశారు?

అప్పటికి 'ఆంధ్ర రాష్ట్రం' అంటే పటంలో లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో కొన్ని జిల్లాలు, వాటిలో కూడా సర్కారు జిల్లాలు (కోస్తా) వేరు, దత్తమండలాలు (రాయలసీమ) వేరు, అవతల నిజాం రాజ్యంలో తెలుగువాళ్ళు మరీ వేరు. మేమంతా ఒక జాతి అని చెప్పుకోవాలంటే ముందు ఒకే చరిత్ర చదివి ఉండాలి, ఒకే పుస్తకం గురించి వాదించుకోవాలి. తెలంగాణ ప్రాంతపు కవి అయిన సోమనాథుడు రాసిన ద్విపదను కృష్ణా జిల్లా మనిషి మద్రాసులో అచ్చువేస్తే అనంతపురం పాఠకుడు కొనుక్కున్నాడు. ప్రత్యేక రాష్ట్రానికి సభల్లో చేసిన తీర్మానాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేవాళ్ళు ఈ పుస్తకాలను కూడా ఆ లెక్కలో కలపాలి.

కాంగ్రెస్‌లో ఆయన స్థానం గురించి. 1918లో ఆంధ్రకు ప్రత్యేక రాష్ట్ర కాంగ్రెస్ సంఘం ఏర్పడింది. దేశంలో భాష ప్రాతిపదికన కాంగ్రెస్ శాఖలు ఏర్పడటానికి అది దారి చూపింది, 1920 నాగపూరు కాంగ్రెస్ దాన్ని దేశమంతటికీ విస్తరించింది. ఆంధ్ర కాంగ్రెస్‌లో పెద్దలకు కొదవలేదు. కొండా వెంకటప్పయ్య, టంగుటూరి ప్రకాశం, భోగరాజు పట్టాభి సీతారామయ్య, బులుసు సాంబమూర్తి, ప్రతి ఒక్కరూ ఒక్కో కొండ. ప్రకాశం, పట్టాభి వర్గాల మధ్య స్పర్ధ ఆ తర్వాత పాతికేళ్ళపాటు ఆంధ్ర రాజకీయాలను వేధించింది. ఇలాంటిచోట అధ్యక్షుడిగా ఎవరిని పెట్టాలి? పదవి మీద ఆశ లేని మనిషిని, ఎవరి వర్గానికీ చెందనివాడిని, అందరి వార్తలూ వేసేవాడిని. పంతులు గారు అలా అధ్యక్షుడయ్యారు. అది ఏ పక్షానికీ పనికిరానివాణ్ణి ఎన్నుకోవడం లాంటిది కాదు, అన్ని పక్షాలూ నమ్మినవాణ్ణి ఎన్నుకోవడం. ఈ తేడా పార్టీ రాజకీయాలు దగ్గరగా చూసినవారికి తెలుస్తుంది. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ఆయన జైలుకు కూడా వెళ్ళారు. అరవై దాటిన వయసులో, తయారీ సంస్థ, దినపత్రిక, మాసపత్రిక అన్నీ బయట వదిలిపెట్టి. జైలులో భగవద్గీతకు వ్యాఖ్య రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది.

ఆయనను ఆకాశానికెత్తి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆంధ్రపత్రిక భాష చాలాకాలం బిగుసుకుపోయి ఉండేది. కృష్ణాపత్రికలో ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకీయంలో ఉన్న జీవం, ఆలోచనలోని సాహసం ఇందులో తక్కువ. అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. 1920 నుంచి మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గాలు నడిచాయి, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్ రాజా తెలుగువాడే. బ్రాహ్మణేతరోద్యమం చదువుల గురించి, ఉద్యోగాల గురించి, గుడి గురించి న్యాయమైన ప్రశ్నలు వేసింది. కాంగ్రెస్ పత్రికలు, ఆంధ్రపత్రికతో సహా, ఆ ఉద్యమాన్ని తెల్లదొరల తొత్తుల పని అన్న దృష్టితోనే ఎక్కువగా చూశాయని నా అభిప్రాయం. పంతులు గారు స్వయంగా కులద్వేషం ఉన్న మనిషి కారు. అయినా పత్రిక ఆ ప్రశ్నలకు ఎదురుగా నిలబడి జవాబు చెప్పి ఉంటే తెలుగుదేశంలో జాతీయోద్యమం ఇంకా వెడల్పయ్యేది. జాగ్రత్త అనే గుణానికి ఇలాంటి ఖరీదు కూడా ఉంటుంది.

ఇప్పుడు ఆ ఒడంబడిక, అంటే శ్రీబాగ్ గురించి. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

1937 జూలైలో రాజాజీ నాయకత్వంలో మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది. ఇప్పుడు మనవాళ్ళ ప్రభుత్వమే కదా, ఆంధ్ర రాష్ట్రం అడగాలని కోస్తా నాయకులు అనుకున్నారు. రాయలసీమ నాయకులకు భయం పట్టుకుంది. వాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెడితే అది చివరకు వాల్తేరు చేరింది, దత్తమండలాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయంలోనే ఉండిపోయాయి. ఆనకట్టలతో గోదావరి, కృష్ణా డెల్టాలు పచ్చగా ఉన్నాయి, సీమలో కరువులు. చదువులోనూ, ధనంలోనూ, పత్రికల్లోనూ కోస్తావాళ్ళే ముందు. కొత్త రాష్ట్రం వస్తే మద్రాసు దొరతనం పోయి బెజవాడ దొరతనం వస్తుందేమో అని వాళ్ళు అడిగారు. 1937 అక్టోబరులో బెజవాడలో ఆంధ్ర మహాసభ రజతోత్సవం జరిగింది, ఈ అనుమానాలు తీర్చడానికి రెండు వైపులవాళ్ళూ కూర్చోవాలని అక్కడ అనుకున్నారు.

ఎక్కడ కూర్చోవాలి? బెజవాడలో అంటే సీమవాళ్ళు తామే లొంగిపోయి వచ్చినట్టు. అనంతపురంలో అంటే కోస్తావాళ్ళు బతిమాలడానికి వెళ్ళినట్టు. మద్రాసులో మైలాపూరు దగ్గర పంతులు గారి ఇల్లు శ్రీబాగ్. అది ఎవరి గడ్డా కాదు, అందరూ ఏదో ఒక పనిమీద ఎప్పుడో ఒకప్పుడు భోజనం చేసిన ఇల్లు. 1937 నవంబరు 16న అక్కడ ఒప్పందం కుదిరింది. సీమ నుంచి కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు వంటివారు, కోస్తా నుంచి కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య వంటివారు.

ఒప్పందంలోని మాటలు ఎంత నిర్దిష్టంగా ఉన్నాయో చూడండి. విశ్వవిద్యాలయానికి అనంతపురంలో మరో కేంద్రం ఉండాలి. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీటి విషయంలో రాయలసీమకూ నెల్లూరుకూ పదేళ్ళపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, ముందు చోటు ఇవ్వాలి. శాసనసభలో సాధారణ స్థానాలు జిల్లాకు సమానంగా పంచాలి. రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట ఉండకూడదు, ఏది కావాలో ఎంచుకునే హక్కు మొదట రాయలసీమది. 'సోదరభావంతో మెలుగుదాం' లాంటి గాలిమాట ఒక్కటీ లేదు. నీళ్ళు, చదువు, సీట్లు, రాజధాని. అనుమానం ఎక్కడెక్కడ పుడుతుందో అక్కడక్కడల్లా మేకు కొట్టారు. గెలిచిన పక్షం, ఓడిన పక్షం అంటూ లేకుండా ముగిసిన చర్చ అది. ఆ ఇంటి యజమాని దశాబ్దాలుగా అన్ని జిల్లాలవాళ్ళ వార్తలూ వేసినందువల్లే అది సాధ్యమైందని నేను నమ్ముతాను. నమ్మకాన్ని ఒక్క సాయంత్రంలో కొనలేరు, ఎంత ధనవంతులైనా.

ఆ తర్వాత అయిదు నెలలు కూడా ఆయన బతకలేదు. 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. రాష్ట్రం రావడానికి ఇంకా పదిహేనేళ్ళు పట్టింది, పొట్టి శ్రీరాములు గారు అదే మైలాపూరులో సాంబమూర్తి గారి ఇంట్లో 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం విడవవలసి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు, మరుసటి ఏడాది హైకోర్టు గుంటూరుకు వెళ్ళాయి. అది శ్రీబాగ్ మాట ప్రకారమే. నీళ్ళ మాట అంత నిజాయితీగా నిలబెట్టుకోలేదని సీమవాళ్ళు ఈనాటికీ చెబుతారు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది. రాజధాని మీద తగవు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ కాగితాన్ని బయటకు తీస్తూనే ఉన్నారు.

చివరగా, ఆయన గురించి ఏం చదవాలని అడిగారు. జీవితచరిత్రలతో మొదలుపెట్టవద్దు, వాటిలో దానాల జాబితా ఎక్కువ. పాత సంచికలు ఇప్పుడు కంప్యూటర్‌లోనే దొరుకుతున్నాయి, ముఖ్యంగా ఉగాది సంచికలూ భారతీ. ముందు ఒక ఉగాది సంచికను ప్రకటనలతో సహా మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదవండి. ప్రకటనలు వదిలేయకండి, ఆ పత్రిక ఆర్థికమంతా అక్కడే కనిపిస్తుంది. తర్వాత 1920ల నాటి భారతి ఏదైనా ఒక సంవత్సరం తీసుకుని, ఎవరెవరు ఏ జిల్లా నుంచి రాశారో ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్ళండి. ఆ తర్వాత శ్రీబాగ్ ఒడంబడిక పాఠం చదవండి, రెండు మూడు పుటలకు మించి ఉండదు. మీ జిల్లా ఏదో చెప్పలేదు. సీమ అయితే నీటి షరతు దగ్గర, కోస్తా అయితే సీట్ల షరతు దగ్గర కొంచెం ఆగి, అప్పటి మీ ఊరి నాయకుడు ఆ మాటకు ఎందుకు ఒప్పుకుని ఉంటాడో ఆలోచించండి. మీకు ఏం తోచిందో ఇక్కడ రాస్తే తప్పకుండా చదివి జవాబిస్తాను.